చందనం చెట్టూ, పిగిలిపిట్టా

మా ముత్తాత నరసింగరావు గారు పదకొండు ఊళ్లకు దేశ్‌ముఖ్. మా తాత లక్ష్మణరావు గారి ముందు కుర్చీ మీద కూర్చోగలవాళ్లు ఆ పదకొండు ఊళ్లలో నలుగురికి మించి ఉండేవారు కాదు. మా నాయన రాఘవరావు గారు హైదరాబాదులో ఉర్దూ, ఫారసీ చదువుకుని వచ్చి, కోటలాంటి మా గడి ముందరి అరుగు మీద తీర్పులు చెప్పేవారు. ఇవి గొప్ప కోసం రాస్తున్న మాటలు కావు. నేను చెప్పబోయే మనిషి ముందు నేనెంత బిర్రబిగిసి నిలబడ్డానో తెలియాలంటే, నా వెనక ఎవరెవరు నిలబడి ఉన్నారో ముందుగా తెలియాలి.

ఈ ఉదయం సూర్యాపేటలో మా ఇంటి దేవుడి గదిలో నా కోడలు సానరాయి మీద గంధపుచెక్క అరగదీస్తున్నది. ఆ తడి వాసన వసారాలోకి వస్తుండగానే, వీధిలో కరెంటు తీగ మీద ఒక పిగిలిపిట్ట కూసింది. నల్ల తల, చిన్న జుట్టు, తోక కింద కుంకుమ పెట్టినట్టు ఎర్రటి మచ్చ. ఇది రోజూ కూస్తుంది, గంధం వాసన కూడా రోజూ వస్తుంది. రెండూ ఒక్క క్షణంలో కలిసినప్పుడు మాత్రం నాకు కోదాడ లింగయ్య గారు గుర్తుకు వస్తారు. ఆయనను చూసినవాళ్లు ఇప్పుడు ఎవరూ మిగల్లేదు. నేనున్నాను కాబట్టి నేను రాయాలి.

నేరేడుచర్లకు రెండు కోసుల దూరంలో మా ఊరు. గడి వెనక పెరట్లో ఒక చందనం చెట్టు ఉండేది. మా ముత్తాత మైసూరు వైపు నుంచి తెప్పించి నాటించారని చెప్పుకునేవారు. చుట్టుపక్కల ఊళ్లలో అలాంటి చెట్టు మరొకటి లేదు. మా ఇంట్లో ఎవరు పోయినా ఆ చెట్టు పచ్చి కొమ్మ నుంచి ఒక రెమ్మ తుంచి, చితి మీద గుండెల దగ్గర ఉంచాలి. కొన్నది, ఎండినది పనికిరాదు. మా తాతకు అలాగే పెట్టారు. మా నాయనకు నేనే పెట్టాను. అప్పటికే ఆ చెట్టు పైకొనలు ఎండడం మొదలైంది.

పోలీసు చర్య జరిగిన మరుసటి ఏడు నాకు ఇరవై ఏళ్లు. ఆ రెండు మూడేళ్లలో మా భూములు ఎలా పోయాయో, గడి ఎలా ఖాళీ అయిందో చెప్పడానికి ఇది చోటు కాదు. మా నాయన కూడా పోయాక నేనూ, మా నాయనమ్మా సూర్యాపేటలో రెండు గదుల కిరాయి ఇంట్లో ఉండేవాళ్లం. ఆమెకు ఎనభై దాటాయి, మంచం దిగే శక్తి లేదు. అంత పెద్ద ఇల్లు పోయిందని ఆమె ఒక్కనాడూ ఏడవలేదు. రోజూ పొద్దున మాత్రం ఒక్క ప్రశ్న వేసేది.

"చెట్టెట్లున్నదిరా?"

"ఉన్నది నాయనమ్మా."

"పచ్చగున్నదా అని అడుగుతున్న. ఉన్నదా అని కాదు." మళ్లీ తనే, "నన్ను ఎండుపుల్లతోటి పంపకురా," అనేది.

ఊరి నుంచి వచ్చినవాళ్లు చెట్టు సగానికి పైగా మోడైందని చెబుతున్నారు. పూత లేదు, కాయ లేదు. ఆమె పోయేలోపు ఆ చెట్టు సంతానం ఒక్కటైనా పచ్చగా నిలబడాలి. మా వంశానికి మిగిలిన పరువు నాకు అప్పుడు ఆ ఒక్క చెట్టులోనే కనిపించింది.

కోదాడలో, బెజవాడ పోయే రోడ్డు దిగువన మొక్కలు అమ్మే లింగయ్య అనే అతను ఉన్నాడని, పడుచుతనంలో బెంగళూరు తోటల్లో పనిచేసి వచ్చాడని ఎవరో చెప్పారు. మా అలవాటు ప్రకారం మనిషిని పంపించి రమ్మన్నాను. మనిషి ఒక్కడే తిరిగివచ్చాడు.

"రాడట దొరా. చెట్టు సూడనీకి తర్వాత వస్తడట. ముందుగాల చెట్టు సంగతి ఎరుకున్నోళ్లు తన కాడికి పోవాల్నట."

మూడు రోజులు ఆ మాటను మింగలేక తిరిగి, నాలుగో రోజు మొదటి బస్సు ఎక్కాను.

లింగయ్య గారి తోట పెద్దదేమీ కాదు. ఒక మోటబావి, తాటాకుల పందిరి, దాని కింద వరసలుగా మట్టి కుండీల్లో నిమ్మ, నారింజ, మామిడి అంట్లు. అరవై ఏళ్ల పొట్టి మనిషి గోనెసంచి మీద కూర్చుని మామిడి అంటు కడుతున్నాడు. అరటినార ఒక కొస పళ్ల మధ్య పట్టుకుని ఉన్నాడు. నన్ను చూశాడు, లేవలేదు. మా ఊళ్లలో నేను నడిచి వస్తుంటే కూర్చున్నవాళ్లు లేచేవారు. లేవకుండా ఉన్న మనిషిని అంత దగ్గర నుంచి చూడడం నాకు అదే మొదలు.

"ఎవరబ్బా?" అన్నాడు నార పళ్ల మధ్య నుంచి.

"రాఘవరావు దొర కొడుకును."

"అది నువ్వు నిలబడ్డ తీరులోనే తెలిసింది. నీ పేరేంది అంటున్నా."

నాకు తెలిసి అంతవరకూ నా పేరు ఎవరూ అడిగి ఎరగరు. "మాధవరావు," అన్నాను.

"కూర్చో మాధవరావూ. ఆ గోనె శుభ్రంగానే ఉంది."

నేను కూర్చోలేదు. ఆయన నవ్వాడు. "సరే, నిలబడే చెప్పు. చెట్లు కూడా నిలబడే ఉంటాయి గదా."

చెప్పాను. చందనం చుట్టూ పది మూరల మేర గడ్డిపోచ లేకుండా రోజూ ఊడ్పిస్తామని, అంత గొప్ప చెట్టు నీడలో పిచ్చి మొక్కలు ఉండకూడదని మా తాత కట్టడి చేశారని. కాయలు నల్లబడే రోజుల్లో చెట్టు మీద చేపల వల కప్పించి, వడిసెలతో ఒక మనిషిని కాపలా పెడతామని. గింజలు జల్లెడపట్టిన ఎర్రమట్టి మళ్లల్లో నాటిస్తే, మొలిచి, జానెడు ఎదిగి, ఏడాది తిరిగేలోపు పసుపుబారి చచ్చిపోయాయని. నాలుగుసార్లు అలాగే జరిగిందని.

"ఆ మళ్లల్లో ఇంకేమన్నా మొలిచేవా?"

"మొలవనిస్తమా? కంటికి కనపడ్డదల్ల పీకించినం."

"వల ఎవరి కోసం?"

"పిగిలిపిట్టల కోసం. దొంగముండలు. గోడ అవతల చాకలోళ్ల కానుగచెట్టు మీద మంద మంద ఉండేవి. వల సందుల్లో నుంచి గూడ దూరేవి. ఆఖరుకు ఆ కానుగనే కొట్టించినం."

ఆయన చేతిలో నార ఆగింది. "ఎప్పుడు?"

"రెండేండ్లయింది."

"చందనం కొనలు ఎండడం ఎప్పటి నుంచి?"

"నిరుటి నుంచి."

ఆయన మళ్లీ నార చుట్టడం మొదలుపెట్టాడు. ముడి వేసి, పైన ఎర్రమట్టి, పేడ కలిపిన ముద్ద మెత్తి, చేతులు తుడుచుకున్నాడు. "నేనిప్పుడు ఏదన్నా చెబితే నువ్వు నమ్మవు. ఒక పని చెయ్యి. మీ చందనానికి, ఆ పిగిలిపిట్టకి పోలిక రాసుకుని రా. చదువుకున్నోడివి గదా. అది చూశాక మీ ఊరు వస్తా."

అంత అవమానం నాకు ఎప్పుడూ జరగలేదనుకున్నాను. బస్సులో తిరిగి వస్తూ ఇక ఈ మనిషి ముఖం చూడకూడదనుకున్నాను. సాయంత్రానికల్లా పుస్తకం తీసి, పేజీకి నిలువుగా మధ్య గీత గీశాను. నాయనమ్మ మంచం మీద నుంచి చూస్తూనే ఉంది.

ఎడమ పక్క చందనం, కుడి పక్క పిట్ట. చందనం పదకొండు ఊళ్లకు ఒక్కటి, పిగిలిపిట్ట ప్రతి కంప మీదా రెండు. చందనం తరాల తరబడి ఒకచోట నిలుస్తుంది, పిట్టకు నిలకడ లేదు. చందనం దేవుడి నుదుటికి, పిట్ట దేనికీ కాదు. చందనం మౌనంగా ఉంటుంది, పిట్ట తెల్లవారకముందే గోల మొదలుపెడుతుంది. రాసిన కొద్దీ ఎడమ పక్కన అక్షరాలు పెద్దవయ్యాయి. ఆ పేజీ చాలా బాగా రాశానని నాకు గర్వం కలిగింది.

లింగయ్య గారు దాన్ని బావిగట్టు మీద కూర్చుని, పెదవులు కదిలిస్తూ, రెండుసార్లు చదివాడు.

"చేతిరాత బాగుంది," అన్నాడు. "చందనం పువ్వు వాసన చూశావా ఎప్పుడన్నా?"

"లేదు."

"దానికి వాసన ఉండదు. ఆకుకి ఉండదు, పచ్చి బెరడుకి ఉండదు. దాని పక్కనే నిలబెట్టినా గుడ్డోడికి అది చందనమని తెలీదు. లోపల చేవ పట్టడానికి ఏళ్లు పడుతుంది. కోస్తేగాని ఆ సంగతి బయటపడదు. పిట్ట అట్లా కాదు. ఉన్నదంతా పైకే చెబుతుంది."

"అయితే పిట్ట గొప్పదంటవా?"

"నేను గొప్ప అన్నానా? ఆ మాట లేకుండా పోల్చడం రాదా నీకు?"

ఆయన వేలితో పేజీ మధ్య గీతను తట్టాడు. "ఇటు పదకొండు తేడాలు, అటు పదకొండు తేడాలు. రెండూ ఒక్కచోటన్నా కలుసుకుంటాయేమో చూశావా? ఈ గీత దాటిందేదీ లేదే."

తోటలో జామచెట్లు పది ఉండేవి. తొమ్మిదింటికి కాయల మీద గుడ్డలు కట్టించి, పదోదాన్ని ఆయన పిట్టలకు వదిలేసేవాడు. ఆ చెట్టు మీద ఒక పిగిలిపిట్ట పండును తొలుస్తున్నది. ఆయన దానివైపు గడ్డం ఎత్తి, "మీ నాయన గారు ఉర్దూ కవిత్వం బాగా చదివేవారట గదా," అన్నాడు.

"అవును." సాయంత్రాలు అరుగు మీద మా నాయన బుల్బుల్ మీద చెప్పిన పద్యాలు కళ్లు మూసుకుని చదివేవారు. వినడానికి తహసీలుదారులు వచ్చేవారు.

"మన దగ్గర సాయిబులు బుల్బుల్ అనేది దీన్నే."

నేను ఆ పిట్టను చాలాసేపు చూశాను. అరుగు మీద దాన్ని పొగుడుతూ పద్యాలు, పెరట్లో దాని మీదికి వడిసెల రాళ్లు. ఇరవై ఏళ్లు ఆ రెంటి మధ్యనే పెరిగినా నాకు ఒక్కసారీ అనుమానం రాలేదు. ఆ రోజు మొదటిసారి ఆ గోనెసంచి మీద కూర్చున్నాను.

ఆ తర్వాత మూడు నెలలు వారానికి రెండుసార్లు కోదాడ వెళ్లాను. దాన్ని పని అనుకోలేదు. ముందు నార పట్టుకున్నాను, తర్వాత మట్టి కలిపాను, ఆ తర్వాత కుండీలు మోశాను. ఒకరోజు మిర్యాలగూడ నుంచి నిమ్మ అంట్ల కోసం వచ్చిన రైతు నన్ను చూసి, "ఈ పిలగాడెవరు లింగయ్యా, కొత్తగ పెట్టుకున్నవా?" అన్నాడు. నా చెవులు కాలిపోయాయి. లింగయ్య గారు తల ఎత్తకుండా, "నేను పెట్టుకోలేదయ్యా. వాళ్ల చెట్టు పంపించింది," అన్నాడు.

పందిరి కింద ఒక మూల రెండు కుండీలు ఉండేవి. బెంగళూరు స్నేహితుడు పంపిన గింజల నుంచి మొలిచిన చందనం మొక్కలు రెంటిలోనూ ఉన్నాయి. ఒకటి ఒంటరిగా ఉంది. రెండోదాని పక్కనే అదే కుండీలో ఒక కందిమొక్క. నేను మొదట చూసినప్పుడు రెండూ ఒకే ఎత్తు. మూడో నెలకు ఒంటరి మొక్క ఆకులు పసుపు తిరిగాయి. కంది పక్కన ఉన్నది మోచేతి ఎత్తు పెరిగి నిగనిగలాడుతున్నది. ఒకరోజు ఆ కుండీలో కందిని పీకబోయాను. చిన్నప్పటి నుంచి అలవాటైన చెయ్యి. ఆయన నా మణికట్టు పట్టుకున్నాడు.

"దాన్ని పీకితే రెండూ పోతాయి."

"కంది ఎందుకు దీని పక్కన?"

"చందనం ఒంటరిగా బతకలేదు. గింజలో తల్లి పెట్టిన సద్ది ఉన్నన్నాళ్లు ఉంటుంది. తర్వాత దాని వేరు పక్క మొక్క వేరును వెతుక్కుని పట్టుకోవాలి. పట్టుకుని అందులోంచి తాగాలి. కందో, పొన్నగంటికూరో, కానుగో, ఏదైనా సరే. అది దాని పుట్టుక. తప్పేం లేదు."

నాలుగుసార్లు చచ్చిపోయిన మా మళ్లు, జల్లెడపట్టిన ఎర్రమట్టి, ఒక్క గడ్డిపోచ లేని ఆ నున్నటి నేల అన్నీ ఒక్కసారిగా కళ్ల ముందుకు వచ్చాయి. చెట్టు మీద గౌరవంతో మేమే దాని పిల్లలను ఆకలితో చంపాము.

"ఇది తీసుకుపోతావా?" అన్నాడు కంది తోడున్న కుండీ చూపిస్తూ.

"ఇది మా చెట్టు పిల్ల కాదు."

ఆయన నవ్వలేదు. "అవును, కాదు," అన్నాడు. "పద, మీ ఊరు పోదాం."

ఎండాకాలం మొదట్లో ఇద్దరం గూడు కప్పిన కచ్చడం బండిలో మా ఊరు చేరాము. గడి తలుపులు ఊడిపోయి ఉన్నాయి. పెరట్లో చందనం ఒక్క పక్క కొమ్మ మీద మాత్రమే నాలుగు ఆకులతో నిలబడి ఉంది. చెట్టును చూసి ఆయన ఏదో ఒకటి అంటాడని ఎదురుచూశాను. ఆయన చెట్టును అసలు చూడలేదు. వెనక గోడ దగ్గరికి పోయి, పునాది పక్కన నేల మీద మోకాళ్లూని, మొలతాడులో ఉండే చిన్న కొడవలితో మట్టి తవ్వడం మొదలుపెట్టాడు. నేను పార తెచ్చాను. మూరెడు లోతున చందనం వేరు ఒకటి కనిపించింది. అది గోడ వైపు పోతున్నది. పునాది రాళ్ల కిందుగా దూరి, అవతలికి వెళ్లిపోయింది.

గోడలో ఒకచోట రాళ్లు ఊడిపోయి ఉన్నాయి. ఆ సందులో నుంచి అవతలికి దిగాము. అది మా చాకలి ఎల్లమ్మ పెరడు. మా ఇంటి బట్టలు మూడు తరాలు ఉతికిన ఇల్లు. గోడకు ఇవతల ఇరవై ఏళ్లు పెరిగిన నేను ఆ పెరట్లో కాలు పెట్టడం అదే మొదటిసారి. కానుగ మొద్దు గోడకు నాలుగు మూరల దూరంలో ఉంది. లింగయ్య గారు అక్కడా తవ్వాడు. కుళ్లిన నల్లటి కానుగ వేరు ఒకటి పైకి లాగి, దుమ్ము ఊది, నా అరచేతిలో పెట్టాడు. దాని మీద చొక్కా గుండీ అంత బుడిపె ఒకటి గట్టిగా అతుక్కుని ఉంది. బుడిపె వెనక సన్నటి చందనం వేరు.

"ఇదిగో బాబూ. మీ చెట్టు నోరు."

కానుగను కొట్టించమని ఆజ్ఞ ఇచ్చింది మా నాయన కాదు, మా తాత కాదు. నేను. నాయన హైదరాబాదులో ఉన్న రోజుల్లో, పద్దెనిమిదేళ్ల వయసులో, గడి అరుగు మీద నిలబడి నేనిచ్చిన మొదటి ఆజ్ఞ అది. కోదాడలో "కొట్టించినం" అని అందరినీ కలుపుకుని చెప్పాను. ఇప్పుడు చెప్పాను. "నేనే కొట్టించాను లింగయ్య గారూ."

ఆయనను 'గారూ' అని పిలవడం అదే మొదలు. ఆయన దాన్ని పట్టించుకున్నట్టు కనపడలేదు.

అప్పుడే ఎల్లమ్మ తలమీద బట్టల మూటతో వచ్చి, మమ్మల్ని చూసి నిలబడిపోయింది. యాభై ఏళ్ల మనిషి, భర్త పోయి చాలా కాలమైంది.

"ఎవలది? చిన్నదొరనా? ఇగ ఏం కొట్టనీకొచ్చినవ్? మొద్దు గూడ కావాల్నా?"

లింగయ్య గారు, "కొట్టడానికి కాదమ్మా, చూడ్డానికి వచ్చాం," అన్నాడు.

"సూడుండ్రి. నీడున్నప్పుడు ఎవలూ సూడనీకి రాలె. బట్టలు ఉడకబెట్టే బాన గీ కానుగ కిందనే ఉండె. నా పెండ్లినాడు మా మామ నాటిండు దీన్ని. మీ మనుషులొచ్చి కొట్టి, ఆఖరుకు కట్టెలు గూడ గడిలకే ఏసుకపోయిన్రు. ఎండల బాన కాడ కూసుంటే ఎట్లుంటదో జర నువ్వూ కూసొని సూడు దొరా."

ఆమె మాట్లాడుతుండగా లింగయ్య గారు మొద్దు అవతలి పక్కకు పోయి వంగాడు. ఎంతసేపటికీ లేవలేదు. నేను వెళ్లి చూశాను. నరికిన మొద్దు పక్కల నుంచి కానుగ పిలకలు నాలుగైదు గుబురుగా లేచి ఉన్నాయి. వాటి మధ్యన, చుట్టూ కంపతో చిన్న దడి కట్టి, నడుమెత్తు మొక్క ఒకటి. సన్నటి ఎర్రటి రెమ్మలు, ఎదురెదురుగా ఆకులు. ఎవరూ చెప్పనవసరం లేదు. పుట్టినప్పటి నుంచీ నేను ఆ ఆకును చూస్తున్నాను.

"ఎల్లమ్మా, ఇది ఎవరు నాటారు?" అన్నాడు ఆయన.

"ఎవలు నాటుతరు? కానుగ మీద కూసున్న పిగిలిపిట్టలు ఏసినయి. చెట్టు కొట్టకముందుకెల్లి ఉన్నది. పిట్ట ఏసిన మొక్కను మా అత్త పీకనిచ్చేది కాదు. మేకలు తింటున్నయని కంప పెట్టిన. ఏం మొక్కనో నాకెరుక లేదు. పువ్వు లేదు, వాసన లేదు."

లింగయ్య గారు నావైపు చూశాడు. వల కింద నుంచి దొంగతనంగా ఎత్తుకుపోయిన కాయల్లో ఒకటి గోడ దాటి, దాని తల్లి తాగుతున్న వేరు పక్కనే పడింది. ఆయన అడిగిన గీత దాటిన చోటు అదే. పుస్తకం బండిలో ఉంది. రాయవలసిన అవసరం కనిపించలేదు.

"దీన్ని తవ్వి తీసుకుపోవచ్చునా?" అని అడిగాను. సూర్యాపేటలో నాయనమ్మ మంచం పక్కన ఈ మొక్కను నిలబెట్టి చూపించాలన్న ఆశ నన్ను ఊపేస్తున్నది.

"తవ్వు. వారంలో చస్తుంది. దాని నోరు ఈ పిలకల వేళ్లలో ఉంది. ఇది ఇక్కడే ఉండాలి."

ఎల్లమ్మ మూట దించి, మా ఇద్దరినీ మార్చి మార్చి చూసింది. "ఏందది? అంత గొప్ప మొక్కనా?"

నేను జవాబు చెప్పబోయి, ఆ 'గొప్ప' మాట దగ్గర ఆగిపోయాను. "మా చెట్టు పిల్ల," అన్నాను. "గంధం చెట్టు."

ఆమె పెద్దగా నవ్వింది. అంతసేపట్లో మొదటిసారి. "గడిల చెట్టు పిల్ల చాకలోళ్ల పెరట్ల పెరుగుతున్నదా? మీ తాత వినుంటే ఏమనేటోడో!"

తిరుగు ప్రయాణంలో బండి నేరేడుచర్ల దాటాక లింగయ్య గారు నావైపు తిరిగాడు. "నీకు కోపం వచ్చిందా?" అన్నాడు.

"ఎవరి మీద?"

"అదే అడుగుతున్నా."

"రాలేదు," అన్నాను. అది నిజమే. సిగ్గు కలిగింది. దానికి, కోపానికి తేడా తెలియని వయసు నుంచి ఆ మూడు నెలల్లోనే బయటపడ్డాను.

నాయనమ్మకు ఉన్నదున్నట్టు చెప్పాను. ఆమె కళ్లు మూసుకుని విన్నది. ఎల్లమ్మ నవ్విన మాట కూడా చెప్పాను. కళ్లు తెరిచి, "పచ్చగున్నదా?" అన్నది. "పచ్చగున్నది నాయనమ్మా." మరునాటి నుంచి ఆమె చెట్టు సంగతి అడగడం మానేసింది.

వానాకాలం నడుమ ఒక తెల్లవారుజామున ఆమె పోయింది. పెరట్లో పాత చందనం అప్పటికి పూర్తిగా మోడు. శవాన్ని మా ఊరికే తీసుకుపోయాము. వాకిట్లో జనం ఉన్నారు. ఎవరినైనా పంపమని మా బంధువులు అన్నారు. పంపలేదు. గోడలో ఊడిన రాళ్ల సందు నుంచి కూడా పోలేదు. వీధి వెంట చుట్టూ తిరిగి, ఎల్లమ్మ గడప ముందుకు పోయి నిలబడ్డాను. నేను అడగడానికి ఒకరి గడప ముందు నిలబడడం అదే మొదలు. మా వంశంలోనే అదే మొదలేమో తెలియదు.

"ఎల్లమ్మా, ఒక్క రెమ్మ ఇస్తవా?"

ఆమె నన్ను లోపలికి రమ్మనలేదు, పొమ్మనలేదు. వాన తుంపరలో ఒక్క క్షణం చూసింది.

"కానుగ కొట్టేనాడు గిట్లొచ్చి ఒక్క మాట అడిగుంటే అయిపోతుండె గద దొరా," అన్నది. కోపంగా అనలేదు. తనే పెరట్లోకి పోయి, దడి తీసి, కింది రెమ్మ ఒకటి చూసుకుని, గోటితో తుంచి తెచ్చింది. "పెద్దదొరసాని నా పెండ్లికి చీర పెట్టింది. ఆమెకని ఇస్తున్న."

పచ్చి రెమ్మ. ఏ వాసనా లేదు. నాయనమ్మ గుండెల మీద పెట్టాను.

ఆ తర్వాత నేను మిర్యాలగూడ బడిలో ముప్పై ఏళ్లు సైన్సు చెప్పాను. ఏటా పిల్లలచేత ఒక మొక్కకు, ఒక పిట్టకు పోలిక రాయించేవాణ్ణి. పేజీ మధ్య గీత గీయనిచ్చేవాణ్ణి కాదు. 'గొప్ప' అన్న మాట రాసిన పుస్తకాన్ని తిరిగి ఇచ్చేసేవాణ్ణి. అలా ఎందుకు చేస్తున్నానో వాళ్లకు ఎన్నడూ చెప్పలేదు. ఎంత పెద్ద చెట్టు ముందు నిలబడినా నా చూపు ముందు దాని పక్కన ఏముందో వెతుకుతుంది. ఎవరి గడప ముందైనా ఒక్క క్షణం ఆగి, పేరు చెప్పి, పని చెబుతాను. నడుము మాత్రం ఇప్పటికీ నిటారుగానే ఉంటుంది. దాన్ని వంచమని లింగయ్య గారు నన్ను ఎప్పుడూ అడగలేదు. "నిలబడే చెప్పు," అన్నారు, అంతే.

ఆయన పోయినప్పుడు కోదాడ వెళ్లాను. అంతా అయిపోయాక పందిరి కిందికి పోయి చూశాను. ఒంటరి కుండీ ఖాళీగా ఉంది. రెండోదాన్ని ఎప్పుడో నేలలోకి మార్చారు. దాని పక్కన కంది స్థానంలో ఒక కానుగ ఎదుగుతున్నది. పదో జామచెట్టు మీద పిట్టలు అలాగే ఉన్నాయి.

నాయనమ్మ పోయిన మరుసటి ఏడు గడిని అమ్మేశాను. ఎండిన చందనం మానును వేళ్లతో సహా తవ్వించి, మిర్యాలగూడ వర్తకుడికి అమ్మాను. ఎల్లమ్మ పెరడు మా కాగితాల్లో లేదు కనుక అదీ, అందులోని మొక్కా అమ్మకంలోకి రాలేదు. ఇంటి దూలాలు, తలుపులు విడివిడిగా పోయాయి. అన్నిటికన్నా చివర, ఎల్లమ్మ పెరటికి అడ్డంగా నిలిచిన వెనక గోడను విప్పించి, రాళ్లను బండ్లకెత్తించి అమ్మాను.